డరమ్‌లో మా నాయిన దీపం

లండన్ కింగ్స్ క్రాస్‌లో ఉత్తర ఇంగ్లండులోని డరమ్ వెళ్లే రైలెక్కి మూడు గంటలు కావస్తోంది. 2006 సెప్టెంబరు ఆఖరి వారం. రెండు సూట్‌కేసులు, గోంగూర పచ్చడి సీసా, ఒళ్లో పాస్‌పోర్టు ఉన్న సంచీ. పరాయి దేశంలో తొలిరోజు కాబట్టి కడుపులో ఒకటే టెన్షన్. ఎదుటి సీటులో ఉన్న పెద్దావిడ ఎక్కడ దిగుతావని అడిగింది. చెప్పాను. "అయితే కుడివైపు చూస్తూ ఉండు, ఒక్క నిమిషమే కనిపిస్తుంది" అంది.

రైలు నెమ్మదించి ఎత్తైన రాతి వంతెన మీదికి వచ్చింది. కింద ఇళ్ల కప్పులు, పొగ గొట్టాలు. వాటన్నిటికీ అవతల, చెట్లు కమ్ముకున్న గుట్ట మీద మూడు గోపురాల కేథడ్రల్. దాని పక్కనే కోట. సాయంత్రపు ఎండ పడి రాయంతా బెల్లం రంగులో ఉంది. భద్రాచలం వెళ్లేటప్పుడు గుడి శిఖరం కనపడగానే బస్సులో అందరూ ఒక్కసారి అటు తిరుగుతారే, అలాగే ఆ పెట్టెలో తలలన్నీ కుడివైపు తిరిగాయి. పెద్దావిడ, "నేను ఎన్ని వందలసార్లు చూశానో, ఇప్పటికీ చూడకుండా ఉండలేను" అంది. ఆ వంతెన 1857 నాటిది. ఆ తర్వాత నేను కూడా ఎన్నోసార్లు దాని మీదుగా వచ్చాను, ఒక్కసారి కూడా ఎడమవైపు కూర్చోలేదు.

ఊరి పేరు ఇంగ్లీషు స్పెల్లింగు చూసి డర్హామ్ అనేదాన్ని. స్టేషన్ బయట టాక్సీ ఆయన "డరమ్" అన్నాడు, అక్కడ అందరూ అలాగే అంటారు. నది పేరు కూడా అంతే, చూస్తే 'వేర్' అనాలనిపిస్తుంది, వాళ్లు 'వియర్' అంటారు. ఆ వియర్ నది గుట్టను మూడు వైపులా చుట్టి, మెడలో గొలుసు వేసినట్టు వెళ్తుంది. నాలుగో వైపు సన్నటి మెడ లాంటి చోట కోట కట్టారు. శత్రువు రావాలంటే అటే రావాలి. దాదాపు వెయ్యేళ్ల కింద ఈ చోటును ఎందుకు ఎంచుకున్నారో ఆ నది ఒంపు చూస్తేనే తెలిసిపోతుంది.

మాది ఇల్లెందు. బొగ్గుట్ట అంటే పాతవాళ్లకు తొందరగా తెలుస్తుంది. మా నాయిన కోల్‌ఫిల్లర్‌గా, అంటే బండ్లలో బొగ్గు నింపే కూలీగా, బాయిలో దిగి (బొగ్గు గనిని మేము బాయి అంటాం), తర్వాత పరీక్ష రాసి సర్దార్ అయ్యాడు, అంటే కార్మికుల పనీ భద్రతా చూసేవాడు. మా ఇంట్లో పొద్దుకు పేర్లు ఉండేవి కావు, ఫస్ట్ షిఫ్టు, సెకండ్ షిఫ్టు, నైట్ షిఫ్టు అనే ఉండేవి. అలాంటి ఇంటి నుంచి ఎమ్మెస్సీ చదవడానికి ఈ ఊరొచ్చాను. చర్చి చూసి ఎంత గొప్పగా ఉందో అనుకున్నానే గానీ, ఈ ఊరు కూడా బాయి మీద బతికిందని ఆ రోజు నాకు తెలియదు. అంత అందమైన ఊరికి బొగ్గు మసి అంటుకుని ఉంటుందని ఎవరు మాత్రం అనుకుంటారు!

జైల్స్‌గేట్‌లో వరస ఇళ్లలో ఒక ఇంట్లో మేడమీద గది అద్దెకు దొరికింది. ఇంటావిడ అరవై దాటిన మనిషి. నన్ను పేరు పెట్టి పిలిచింది తక్కువ, "పెట్" అనే పిలిచేది. మనం 'అమ్మా', 'బిడ్డా' అన్నట్టు అక్కడ అందరూ ఆ మాట వాడతారు. బస్ డ్రైవరు, కూరగాయల కొట్టు ఆమె, పోస్టాఫీసులో మనిషి, ఎవరైనా సరే "దిస్ వే, పెట్" అంటే నాకు ఎంత ధైర్యంగా ఉండేదో. తొలి నెలలో ఏడుపు ఆపింది ఆ ఒక్క మాటే.

రోజూ కాలేజీకి నడిచే దారిలోనే ఊరి చరిత్రంతా ఉండేది. క్లేపాత్ దిగితే మార్కెట్ ప్లేస్. మధ్యలో గుర్రం మీద కూర్చున్న దొర విగ్రహం. ఆయన లండన్‌డెరీ మార్క్విస్, ఆ జిల్లాలో పెద్ద బొగ్గు గనుల యజమాని. విగ్రహం మీద ఊళ్లో ఒక కథ ఉంది. చెక్కిన శిల్పి దీనిలో తప్పు చూపించమని సవాలు చేశాడట. ఎవరూ చెప్పలేకపోయారట. చివరికి ఒక గుడ్డివాడు గుర్రం నోట్లో చెయ్యి పెట్టి, "నాలుక ఏది?" అన్నాడట. కథ చెప్పి ఇంటావిడ నవ్వేది, వెంటనే ముఖం మారిపోయేది. వాళ్ల తాతముత్తాతలు బాయి పనివాళ్లు. 1842లో ఆడవాళ్లనూ, పదేళ్లలోపు మగపిల్లలనూ బాయిలోకి దించకూడదని చట్టం తెచ్చినప్పుడు, పార్లమెంటులో దాన్ని గట్టిగా ఎదిరించింది ఈ దొరే. 1844 సమ్మెలో పనివాళ్లను ఇళ్లలోంచి వెళ్లగొట్టించాడు, వాళ్లకు అప్పు ఇవ్వొద్దని సీహమ్ అనే ఊళ్లో దుకాణదారులను బెదిరించాడు. "మా ఇంట్లో ఎవరూ ఆ గుర్రాన్ని తల ఎత్తి చూసేవాళ్లు కాదు, పెట్" అనేది ఆవిడ. ఆ మాట విన్నాక నేను కూడా పక్కనుంచే వెళ్లేదాన్ని.

మార్కెట్ దాటితే సాడ్లర్ స్ట్రీట్, గుండ్రాళ్లు పరిచిన ఎత్తు వీధి. పక్కల్లోంచి ఒక మనిషి మాత్రమే పట్టేంత సందులు నదిలోకి దిగుతుంటాయి, వాటిని 'వెనెల్' అంటారు. వాన పడ్డ రోజు ఆ సందుల్లో మెట్ల మీద నీళ్లు పారే చప్పుడు, పైన ఎక్కడో గంటలు, మధ్యలో నేను. అక్కడి నుంచి బెయిలీ వీధిలో పోతే కింగ్స్‌గేట్ వంతెన. ఇది పాతది కాదు, 1963లో కట్టారు. సన్నటి తెల్లటి కాంక్రీటు వంతెన, నదికి చాలా ఎత్తులో ఉంటుంది. ఇంజనీరు ఓవ్ అరప్. సిడ్నీ ఓపెరా హౌస్‌కు కూడా ఇంజనీరింగు ఆయనదే. వంతెనను రెండు సగాలుగా చేసి, ఒక్కో సగాన్నీ తన ఒడ్డున నది వెంట బారుగా కట్టి, తర్వాత తలుపు రెక్కల్లాగా తిప్పి మధ్యలో కలిపారు. ఆ కలిసిన చోట కంచు అతుకు ఒకటి ఉంటుంది. నేను రోజూ దాని మీద ఒక క్షణం ఆగేదాన్ని. అటు తిరిగితే చెట్ల పైన కేథడ్రల్, కింద నీళ్లలో పడవ పోటీలకు ప్రాక్టీసు చేసే పిల్లలు. అరప్‌కు ఈ వంతెనంటే ఎంత ఇష్టమంటే, చనిపోయాక ఆయన చితాభస్మాన్ని దీని మీది నుంచే నదిలో కలిపారు. ఈ ముక్క అమ్మకు ఫోన్లో చెబితే "మన గోదారిలో కలిపినట్టే" అంది.

కేథడ్రల్‌లోకి తొలిసారి వెళ్లింది మాత్రం చలికి తట్టుకోలేక. నవంబరులో నాలుగింటికే చీకటి పడింది. ఉత్తరపు తలుపు మీద సింహం ముఖంలాంటి పెద్ద కంచు కడియం. కళ్లు ఖాళీగా, నోట్లో కడియం కరుచుకుని, చుట్టూ జూలు. ఇప్పుడు తలుపుకున్నది నకలు, అసలుది లోపల భద్రంగా దాచారు. పాతకాలంలో నేరం చేసినవాడు, తరిమేవాళ్లకు దొరక్కుండా పరుగెత్తుకొచ్చి ఈ కడియం పట్టుకుని కొడితే చాలు. తలుపు పైన గదిలో సన్యాసులు రాత్రింబవళ్లు కాపలా ఉండేవాళ్లు. లోపలికి తీసుకుని, ఎడమ భుజం మీద పసుపుపచ్చటి శిలువ ఉన్న నల్ల అంగీ తొడిగేవాళ్లు. 37 రోజులు వాణ్ణి ఎవరూ ముట్టడానికి వీల్లేదు. ఆ లోపు రాజీ కుదుర్చుకోవాలి, లేదా ఓడెక్కి దేశం విడిచి పోవాలి. నేను చేతి గ్లవ్ తీసి ఆ కడియాన్ని పట్టుకున్నాను. మంచులా ఉంది. అర్ధరాత్రి రొప్పుతూ వచ్చి దీన్ని పట్టుకున్నవాడికి ఇంతకంటే వెచ్చటి వస్తువు లోకంలో ఉండి ఉండదు.

లోపల స్తంభాలు చూసి నోట మాట రాలేదు. ఒక్కో స్తంభం చుట్టుకొలత 6.6 మీటర్లు, ఎత్తు కూడా అంతే. ఒకదాని మీద మెలికల గీతలు, ఇంకోదాని మీద డైమండ్ గళ్లు, మరోదాని మీద తాడు పేనినట్టు చారలు. యంత్రాలు లేని రోజుల్లో, 1093లో మొదలుపెట్టి 1133కల్లా పెద్ద పని అంతా ముగించారు. పైకప్పు రాతిదే. అంత వెడల్పున, రాతి పక్కటెముకలు వేసి వాటి మధ్య కప్పు నిలిపింది ఇక్కడే ముందు అంటారు కట్టడాల చరిత్ర తెలిసినవాళ్లు. తర్వాత యూరప్‌లో ఆకాశానికి లేచిన చర్చీలన్నిటికీ ఈ ఎముకలే దారి చూపించాయి. నాకు మాత్రం కింద నిలబడి పైకి చూస్తే, బాయిలో కప్పు కూలకుండా నాయినవాళ్లు పెట్టే దిమ్మెలు గుర్తొచ్చాయి. నెత్తిన ఉన్న బరువును నిలబెట్టడమే కదా రెండు చోట్లా పని.

పడమటి చివర నేల మీద ఒక నల్లరాతి గీత ఉంది. ఆడవాళ్లు ఆ గీత దాటి ముందుకు రాకూడదని సన్యాసుల కాలంలో నియమం. లోపల తూర్పున సమాధిలో ఉన్న కత్‌బర్ట్ మహాత్ముడికి ఆడవాళ్ల పొడ గిట్టదని చెప్పేవాళ్లట. బతికున్నప్పుడు ఆయన అలా ఉన్నట్టు ఆధారాలేమీ లేవని అక్కడి పెద్దలే అంటారు. ఆయన పోయిన చాన్నాళ్లకు ఎవరో అంటగట్టిన మాట. గీత ముందు కాసేపు నిలబడ్డాను. మా ఊళ్లో ఆడపిల్లలకు ఉండే గీతలన్నీ గుర్తొచ్చాయి. ఇంటర్ అయ్యాక చాలు అన్నవాళ్లు, అంత దూరం ఎలా పంపుతావని నాయినను నిలదీసినవాళ్లు. కాలెత్తి దాటి, అలా నడుచుకుంటూ తూర్పు చివరి దాకా వెళ్లాను.

కత్‌బర్ట్ కథ మన స్థలపురాణాలకు దగ్గరగా ఉంటుంది. సముద్రం ఒడ్డున లిండిస్‌ఫార్న్ అనే దీవిలో ఉండేవాడు, 687లో పోయాడు. పదకొండేళ్లకు సమాధి తెరిస్తే శరీరం చెక్కుచెదరలేదట. 875లో, సముద్రం మీద వచ్చి దోచుకునే వైకింగుల భయంతో సన్యాసులు శవపేటికను భుజాన వేసుకుని బయల్దేరారు. ఏళ్ల తరబడి తిరిగారు. చెస్టర్-లె-స్ట్రీట్‌లో నూరేళ్లకు పైగా ఉంచి, మళ్లీ మోసుకొచ్చి 995లో ఈ గుట్ట ఎక్కించారు. పేటిక దారిలో ఒకచోట కదలకుండా మొరాయించిందట, 'డన్‌హోమ్' తీసుకుపొమ్మని కలలో చెప్పాడట. అదెక్కడుందో ఎవరికీ తెలియదు. తప్పిపోయిన తన ఆవు డన్‌హోమ్‌లో ఉందని ఒక పాలమ్మి ఇంకో ఆమెతో అనడం విని, ఆమె వెనకే నడిచి వచ్చారట. కేథడ్రల్ గోడ మీద ఆ ఆవు శిల్పం ఉంది, పక్కన డన్ కౌ లేన్ అనే సందు ఉంది. ఆవు చూపించిన చోట గుడి వెలవడం మనకు కొత్త కాదు. పుట్టలో పాలు కార్చిన ఆవు కథ వింటూ పెరిగినవాళ్లమే కదా.

పడమటి వైపు గెలిలీ చాపెల్‌లో బీడ్ సమాధి ఉంది. తెల్లటి గోడలు, సన్నటి స్తంభాలు, ఎక్కడా లేనంత వెలుతురు. బీడ్ అక్కడికి ఉత్తరంగా జారో మఠంలో చదువుకుని, అక్కడే 735లో పోయిన సన్యాసి. ఇంగ్లండు చరిత్ర మొదట రాసినవాడు. స్కూల్లో మనం 'క్రీ.శ.' అని రాస్తామే, ఏసు పుట్టిన ఏటి నుంచి సంవత్సరాలు లెక్కపెట్టే ఆ పద్ధతి నలుగురి వాడకంలోకి రావడానికి ఈయన పుస్తకాలే ముఖ్య కారణం. ఇల్లెందు బడిలో కాకతీయుల పక్కన క్రీ.శ. అని రాసిన ప్రతిసారీ ఈయన చేతి గుర్తు నా నోటుబుక్కులో ఉందన్నమాట. ఆ రోజు ఆ నల్లటి రాతి పలక దగ్గర చాలాసేపు కూర్చున్నాను.

చలికాలం అంతా సాయంత్రం ప్రార్థనకు వెళ్లడం అలవాటైంది. నేను క్రిస్టియన్‌ను కాను, ఎవరూ అడగలేదు కూడా. చిన్న పిల్లలు తెల్ల అంగీలేసుకుని పాడేవాళ్లు. ఆ గొంతులు రాతి కప్పుకు తగిలి, పాట ఆగిపోయాక కూడా కాసేపు పైన తిరుగుతుండేవి. కొవ్వొత్తుల వాసన, తడి ఉన్ని కోట్ల వాసన. బయట వాన. అక్కడ కూర్చుంటే ఇంటి మీద బెంగ తగ్గేది కాదు గానీ మోయగలిగేంత అయ్యేది.

ఆ ఊరి బిషప్పులు మామూలు బిషప్పులు కారు. స్కాట్లండు సరిహద్దు దగ్గర కాబట్టి రాజు వాళ్లకు రాజంత అధికారం ఇచ్చాడు. సొంత సైన్యం, సొంత కోర్టులు, సొంత నాణేల ముద్ర. ప్రిన్స్ బిషప్పులనేవాళ్లు. బొగ్గు మీద రాబడి కూడా వాళ్లకు బాగానే ఉండేది. 1836లో వాన్ మిల్డర్ట్ పోవడంతో ఆ వైభోగం ముగిసింది. ఆయన చలవతోనే 1832లో యూనివర్సిటీ పుట్టింది, బిషప్పుల కోట విద్యార్థుల హాస్టల్ అయింది. ఇప్పటికీ ఆ కోటలో పిల్లలు ఉంటారు.

ఒక సంగతి మాత్రం నేను అక్కడున్నప్పుడు తెలిసీ తెలియకుండా ఉండేది. 1650లో డన్‌బార్ యుద్ధంలో ఓడిన స్కాట్లండు సైనికులను, దాదాపు 3,000 మందిని, ఇంగ్లండు సేనాపతి క్రామ్‌వెల్ సేన ఈ కేథడ్రల్‌లో బంధించింది. అప్పటికి చర్చి ఖాళీ, ప్రార్థనలు లేవు. ఆకలి, విరేచనాలు, చలి. చలి కాచుకోవడానికి లోపలి చెక్కసామానంతా కాల్చుకున్నారని చెబుతారు. గడియారం ఒక్కటి మిగిలింది, దాని మీద స్కాట్లండు గుర్తయిన తిసిల్ పువ్వు చెక్కి ఉండడం వల్ల ముట్టలేదని ఊరి నమ్మకం. సుమారు 1,700 మంది చనిపోయారు. వాళ్లను ఎక్కడ పూడ్చారో శతాబ్దాల పాటు ఎవరికీ తెలియదు. 2013లో కేథడ్రల్ ఎదుటి పచ్చిక, ప్యాలెస్ గ్రీన్, పక్కనున్న లైబ్రరీ దగ్గర తవ్వుతుంటే ఎముకలు బయటపడ్డాయి. పరీక్షలు చేసి ఆ సైనికులవేనని తేల్చారు, 2018లో ఊళ్లోని శ్మశానంలో మళ్లీ సమాధి చేశారు. ఆ వార్త చదివిన రోజు అన్నం తినబుద్ధి కాలేదు. ప్యాలెస్ గ్రీన్ గడ్డిలో ఎండ కాసిన రోజుల్లో శాండ్‌విచ్ తింటూ కూర్చున్నాను, అక్కడికి కూతవేటు దూరంలో వాళ్లు పడుకుని ఉన్నారు. చాలామంది కుర్రవాళ్లే.

ఇంక అసలు సంగతికి వస్తాను.

ఇంటావిడ వాళ్ల అన్న ఆదివారాలు భోజనానికి వచ్చేవాడు. డెబ్భై ఏళ్లుంటాయి. పదిహేనో ఏట బాయిలో దిగి, బాయి మూసే దాకా పనిచేశాడు. ఆయన ఇంగ్లీషు నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అక్కడి బాయి పనివాళ్లకు వేరే మాటలే ఉన్నాయి, పిట్‌మాటిక్ అంటారు ఆ యాసను. ఒక రోజు ఆయన ఏదో చెబుతుంటే మధ్యలో 'టబ్' అని వినపడింది. నేను తినడం ఆపి, "టబ్బు అంటే బొగ్గు నింపే బండేనా?" అన్నాను. ఆయన ఫోర్కు కింద పెట్టేశాడు. మా నాయిన బాయిలో సర్దార్ అని చెప్పాను. ఇక చూడాలి. షిఫ్టు పని చూసే ఓవర్‌మన్ ఉంటాడా? ఉంటాడు. బండ్లు లాగే హాలేజ్? ఉంది. మందు పేల్చే షాట్‌ఫైరర్? ఉన్నాడు. మా ఇంట్లో మామూలు తెలుగు అనుకున్న మాటల్లో సగం ఆయన నోట్లోంచి వచ్చాయి. బాయిలోకి తీసుకెళ్లే తిండిని వాళ్లు 'బెయిట్' అంటారట, మేము సద్ది అంటాం అని చెప్పాను. పక్కన పనిచేసే నేస్తాన్ని 'మారా' అంటారట. "మీ నాన్నకు చెప్పు, డరమ్‌లో ఒక మారా ఉన్నాడని" అన్నాడు.

ఆ రాత్రి కాలింగ్ కార్డు గీకి ఫోన్ చేశాను. నాయిన అంతా విని, "ఎంత లోతు బాయట బిడ్డా?" అని అడిగాడు. తర్వాత ఇంకొంచెంసేపు ఆగి, "ఇప్పుడు నడుస్తలేదా?" అన్నాడు. నడవట్లేదు నాయినా, ఒక్కటి కూడా నడవట్లేదు అన్నాను. 1947లో ప్రభుత్వం గనులు తీసుకున్నప్పుడు ఆ జిల్లాలో వందకు పైగా బాయిలు ఉండేవి. 1984లో ఏడాది పాటు సమ్మె చేశారు. డరమ్ బొగ్గు క్షేత్రంలో చివరి బాయి 1993లో మూతపడింది. అవతల కాసేపు నిశ్శబ్దం. "మరి అంతమంది ఏం జేసిన్రు?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

జులై రెండో శనివారం వచ్చింది. ఇంటావిడ ముందురోజే చెప్పింది, "రేపు బిగ్ మీటింగ్, ఎక్కడికీ పోకు" అని. డరమ్ మైనర్స్ గాలాను ఊరివాళ్లు అలా అంటారు. పొద్దున ఎనిమిదింటికే బ్యాండు చప్పుడు. వీధిలోకి పరుగెత్తాను. ఒక్కో గని ఊరు తన బ్యానర్ ముందు పెట్టుకుని, వెనక ఇత్తడి బ్యాండుతో నడిచి వస్తోంది. బ్యానర్ అంటే గుడ్డ ముక్క కాదు, గదంత పట్టు తెర. రెండు గడలకు కట్టి, గాలికి పడిపోకుండా ముందూ వెనకా తాళ్లు పట్టుకుని మోస్తారు. దాని మీద రంగుల బొమ్మలు, నాయకుల ముఖాలు, చేతిలో చెయ్యేసిన కార్మికులు, కొన్నింటి మీద ఈ కేథడ్రలే. బాయి మూసి పదిహేను, ఇరవై, నలభై ఏళ్లయిన ఊళ్లు. అయినా బ్యానర్ వచ్చింది, పిల్లలూ ముసలీ ముతకా దాని వెనక వచ్చారు. పాత రోజుల్లో ఆ ఏడాది బాయిలో ఎవరైనా పోతే బ్యానర్‌కు నల్ల గుడ్డ చుట్టి తెచ్చేవాళ్లట. 1951లో ఈజింగ్టన్ బాయిలో పేలుడు జరిగి 83 మంది పోయారు. అంతకుముందు 1909లో వెస్ట్ స్టాన్లీలో 168 మంది.

ఓల్డ్ ఎల్వెట్‌లో కౌంటీ హోటల్ బాల్కనీ ముందు ప్రతి బ్యాండూ ఆగి ఒక పాట వాయించి ముందుకు సాగింది. మధ్యాహ్నం కొన్ని బ్యానర్లు గుట్ట ఎక్కి కేథడ్రల్‌లోకి వెళ్లాయి. వాటి వెనకే నేనూ. బ్యాండు 'గ్రెస్‌ఫర్డ్' వాయించింది. 1934లో వేల్స్‌లోని గ్రెస్‌ఫర్డ్ గనిలో 266 మంది పోయాక, ఈ ప్రాంతపు బాయి మనిషి రాబర్ట్ సెయింట్ కట్టిన వరస అది. దానికి మాటలు లేవు, ఉత్త బాణీ. తొమ్మిది వందల ఏళ్ల నాటి స్తంభాల మధ్య ఆ ఇత్తడి బూరల ధ్వని మెల్లగా నిండుతుంటే చుట్టూ పెద్ద పెద్ద మగవాళ్లు కళ్లు తుడుచుకోకుండా ఏడుస్తున్నారు. నాకు మా ఇంటి వసారా కనపడింది. నైట్ షిఫ్టు విడిచే వేళ దాటితే అమ్మ గిన్నెలు తోముతూనే వీధి మలుపు వైపు చూసేది. సైకిల్ గంట వినిపించే దాకా ఆ చెయ్యి ఒకే గిన్నెను తోముతూ ఉండేది.

దక్షిణపు పక్కన గోడకు చెక్కతో చేసిన స్మారకం ఉంది, 1947లో పెట్టారు. ప్రాణాలిచ్చిన డరమ్ బాయి కార్మికులను, ఇప్పటికీ ఆ చీకట్లో, ఆ ప్రమాదంలో పనిచేస్తున్నవాళ్లను దేవుడి ముందు తలుచుకోండి అని దాని మీద రాసి ఉంది. పక్కన ఒక గని దీపం వేలాడుతోంది. ఆ గుడిలో బిషప్పులకు రాజుల్లా సమాధులున్నాయి. కానీ నేను దండం పెట్టుకుంది ఆ దీపానికి.

ఆ రోజే ఒక కరపత్రంలో చదివాను, తొలి గాలా జరిగింది 1871లో అని. తిరిగి గదికి వెళ్లి కూర్చున్నాను. 1871! మా ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని జియాలాజికల్ సర్వే డాక్టర్ విలియం కింగ్ కనిపెట్టింది ఆ ఏడే. కొత్తగూడెం, ఇల్లెందు బాయిల్లో 'కింగ్ సీమ్' అంటారే, ఆ పేరు ఆయనదే. ఇక్కడ కార్మికులు తొలిసారి వార్టన్ పార్కులో జెండాలు ఎత్తిన ఏడాది, అక్కడ మా నేల కింద నల్లటి పొర బయటపడింది. ఎవరూ కలపని రెండు సంగతులు, నా గదిలో పక్కపక్కన కూర్చున్నాయి.

చదువు అయిపోయింది. ఉద్యోగం న్యూకాసిల్లో, తర్వాత వేరే ఊళ్లలో. నాయిన రిటైరయ్యాక 2019 వేసవిలో అమ్మనూ నాయిననూ తీసుకొచ్చాను. రైలు వంతెన మీదికి రాగానే ఇద్దరినీ కుడి కిటికీకి తిప్పాను. అమ్మ చేతులు జోడించింది. నాయిన, "రాయి ఎక్కడ్నుంచి తెచ్చిన్రో" అన్నాడు.

కేథడ్రల్ అంతా చూపించాను. స్తంభాలు చేత్తో తట్టి చూశాడు. నల్ల గీత దగ్గర కథ చెబితే అమ్మ "అయ్యో" అని, చీర కుచ్చిళ్లు కొంచెం ఎత్తి పట్టుకుని దాటింది. స్మారకం దగ్గరికి వచ్చేసరికి నాయిన ఆగిపోయాడు. రాసింది చదివి తెలుగులో చెప్పాను. వినలేదు, దీపం వైపే చూస్తున్నాడు. "గ్యాస్ చూసే దీపం ఇది. మా దగ్గర ఉండేది" అన్నాడు.

అక్కడ సందర్శకులకు దారి చూపించే ముసలాయన దగ్గరికి వచ్చి, ఏమంటున్నారని అడిగాడు. చెప్పాను. ఆయన నవ్వి తన ఛాతీ తట్టుకుని, తనూ బాయి మనిషే అన్నాడు. ఇక నన్ను ఎవరూ పట్టించుకోలేదు. నాయిన దీపాన్ని కప్పు దాకా ఎత్తుతున్నట్టు చెయ్యి పైకి లేపి చూపించాడు. ఆయన తలూపి, వత్తి తగ్గిస్తున్నట్టు వేళ్లు తిప్పాడు. బాయిలో పేలిపోయే గ్యాస్ ఉంటే మంట మీద నీలంగా ఇంకో సన్నటి మంట టోపీలా కూర్చుంటుంది. అది ఎంత ఎత్తుంటే మనుషులను బయటికి పంపాలో సర్దార్‌కు కంటితోనే తెలియాలి. ముసలాయన బొటనవేలూ చూపుడువేలూ కొంచెం ఎడం చేసి, "ఇంత" అన్నట్టు చూపించాడు. నాయిన తల అడ్డంగా ఊపి, ఆయన వేళ్లు పట్టుకుని ఆ ఎడాన్ని ఇంకాస్త తగ్గించాడు.